రగ్బీ శనివారం నాడు ఇద్దరికి టేబుల్

ఆకలేస్తే ఇంట్లో వండుకుని తినొచ్చు. అది కడుపుకి సంబంధించిన విషయం. బయట తినడంలో ఉన్న పరమానందం కావాలంటే మాత్రం హైడెల్‌బర్గ్‌లో రగ్బీ మ్యాచ్ ఉన్న శనివారం నాడే వెళ్లాలి! ఆ రోజు కుర్చీ దొరకదు. కుర్చీ దొరికితే వెయిట్రెస్ దొరకదు. వెయిట్రెస్ దొరికేసరికి వంటింట్లో ఏమీ మిగలదు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను.

జర్మనీలో ఏ ఊరికి వెళ్లినా ఫుట్‌బాల్ ఉంటుంది. రగ్బీకి మాత్రం హైడెల్‌బర్గే పుట్టిల్లు, అత్తిల్లు కూడా. మిగతా ఊళ్లలో ఆ కోలబంతిని చూపిస్తే ఇదేం జాతి గుమ్మడికాయ అని అడిగేవాళ్లుంటారు. ఇక్కడ పెద్ద మ్యాచ్ ఉందంటే చాలు, రెండు జట్ల అభిమానులూ చారల జెర్సీలు వేసుకుని పొద్దున్నే ట్రాముల్లోంచి బిలబిలమంటూ దిగిపోతారు. ఒక్కొక్కరు ఒక్కో బీరువా అంత ఉంటారు. మ్యాచ్ మధ్యాహ్నం ఎప్పుడో అయినా తినడం, తాగడం, పాడడం అప్పుడే మొదలుపెడతారు.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి. మామూలు రోజుల్లో మెనూ తెరిచి, మాంసం లేనిదేదో వెతికి, అందులో గుడ్డుందా అని అడిగి, చివరికి ఎప్పుడూ తినేదే తెప్పించుకుంటాం. రగ్బీ రోజున ఆ బాధ లేదు. "పొమ్మెస్ ఉన్నాయి" అంటారు. పొమ్మెస్ అంటే బంగాళాదుంప వేపుడు ముక్కలు. "ఇంకా?" అంటే "కెచప్ ఉంది" అంటారు. ఎంత ప్రశాంతం!

ఇక సమానత్వం సంగతి. టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంట్, లేకుండా మొహమైనా చూపించని ప్రొఫెసర్ కూడా ఆ రోజు సొంత స్టూడెంట్ పక్కనే ఫుట్‌పాత్ మీద నిలబడి, కాగితప్పొట్లంలోంచి అవే పొమ్మెస్ తింటాడు. ఈ పని ఏ రాజ్యాంగం చేయగలిగింది? చోటు కోసం నాలుగు వీధులు తిరుగుతాం కాబట్టి వ్యాయామం కూడా అయిపోతుంది. జిమ్ వాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే రగ్బీ మీద కేసు వేస్తారు!

ఇంతా చెప్పినా మీ మొహంలో అనుమానం పోలేదు. సరే, భావన సంగతి వినండి.

భావనది హన్మకొండ. హైడెల్‌బర్గ్‌లో ఒక రిసెర్చ్ సంస్థలో కేన్సర్ కణాల మీద పనిచేస్తోంది. కణాలు చెప్పిన మాట వింటాయని కాదు గానీ, కనీసం గ్రూప్‌లో మెసేజ్‌లు పెట్టవు. చుట్టాలు పెడతారు. ఆ మధ్య ఆమెకి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి జితేంద్ర, కాకినాడ వాడు, కార్ల్స్‌రూహెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డ్ వీసా. జాతకాలు కలిశాయి. రెండు వైపుల పెద్దల మాటలూ కలిశాయి. ఇంక మిగిలింది చిన్న లాంఛనం: పిల్లా పిల్లాడూ ఒకసారి మొహాలు చూసుకోవడం!

ఆ లాంఛనం కోసం రెండు వైపుల వాళ్లూ కలిసి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టారు. అమ్మాయి వైపు పెద్దరికం భావన మేనత్త శాంతది. అబ్బాయి వైపు పెద్దరికం జితేంద్ర బాబాయి వాసుదేవరావుది. శాంత ఒక నిబంధన పెట్టింది. రెస్టారెంట్‌లో ఆర్డర్ ఇవ్వగానే భావన గ్రూప్‌కి వీడియో కాల్ చెయ్యాలి.

"మేమేం మాట్లాడం బిడ్డా. ఊకె చూస్తం, గంతే" అంది.

ఊకె చూడడం అంటే ఏమిటో భావనకి బాగా తెలుసు. కిందటి సంబంధం అప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి నిలబెట్టారు. భోజనం అయ్యేదాకా ఫోన్లోంచే ప్రశ్నలు. అబ్బాయికి గ్యాస్ ట్రబుల్ ఉందా, అమ్మాయికి కళ్లజోడు ఎప్పుడొచ్చింది, ఆ వెనకాల వెళ్తున్నావిడ ఎవరు! ఆ పూట మొత్తం మీద భావన మాట్లాడినవి "నమస్తే", "అవును", "బై". ఇంటికి రాగానే అందరూ "అబ్బాయి ఎట్లున్నడు?" అని అడిగారు. ఏమని చెబుతుంది? ఆ అబ్బాయిని చూసినంతసేపూ ఫోన్ అడ్డమే ఉంది!

అందుకని ఈసారి ఆమె కోరుకున్నది ఒక్కటే. ఎవరూ వినకుండా, ఎవరూ చూడకుండా, ఆ మనిషితో ఒక గంట మాట్లాడాలి. ఎందుకంటే సాయంత్రానికల్లా అవునో కాదో చెప్పాలని గ్రూప్ తీర్మానించింది. జీవితమంతా కలిసి ఉండాల్సిన మనిషి గురించి చెప్పడానికి ఒక గంట అడగడం అత్యాశా? మీరే చెప్పండి!

ఆర్డర్ ఇచ్చాకే కదా కాల్ చెయ్యాలి? అయితే ఆర్డర్‌నే ఒక గంట లాగితే సరి. అది భావన పథకం. నెకార్ నది పక్కన ఒక నెమ్మదైన రెస్టారెంట్‌లో, కిటికీ పక్కన, ఇద్దరికి టేబుల్ రిజర్వ్ చేసింది. ఫోన్‌లో తన పేరు ఒక్కో అక్షరం విడదీసి మరీ చెప్పింది. జర్మనీలో అంత పద్ధతిగా చేశాక ఇంక ఢోకా ఏముంటుంది?

రగ్బీ ఉంటుంది! ఆ శనివారం మ్యాచ్ ఉందని ఆమెకి తెలియదు.

భావన రెస్టారెంట్‌కి వెళ్లేసరికి వీధంతా చారలే. లోపల కిటికీ పక్కన ఆమె టేబుల్ ఒక్కటే ఖాళీగా, ముత్యంలా మెరుస్తోంది. జితేంద్ర జాడ లేదు. వెయిట్రెస్ వచ్చి ఎంతో మర్యాదగా, ఇవాళ రద్దీ కాబట్టి ఇద్దరూ వస్తేనే కూర్చోబెడతామని, పావుగంట మాత్రమే ఆగగలమని చెప్పింది. జర్మన్ పావుగంట సంగతి మీకు తెలియనిది కాదు. మన పావుగంటలా రబ్బరు కాదది. అది అవగానే వెయిట్రెస్ "క్షమించండి" అని మనస్ఫూర్తిగా అంది. మరుక్షణం ఆరుగురు బీరువాలు ఆ ఇద్దరి టేబుల్ దగ్గర సర్దుకుని కూర్చున్నారు.

భావనకి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. అప్పుడు గుంపుని తోసుకుంటూ జితేంద్ర వచ్చాడు. ఇస్త్రీ చొక్కా పిండి ఆరేసినట్టుంది. ఎడమ బుగ్గ మీద ఇంత లావు నీలం గీత.

"సారీ అండి. ట్రైన్‌లో నిలబడ్డానికి కూడా చోటు లేదండి. ఈ గీతేమో పక్కన ఒక చిన్నపిల్ల రంగు పట్టుకుని పూస్తానందండి. వద్దనలేకపోయానండి."

పెళ్లిచూపులకి బుగ్గ మీద నీలం గీతతో వచ్చిన పెళ్లికొడుకుని మీరెప్పుడైనా చూశారా? భావన చూసింది. కళ్లు తుడుచుకుంది. "నడువుండ్రి, ఇంకోటి చూద్దాం" అంది.

ఇంకోటి చూశారు. మరోటి చూశారు. పాస్తా దుకాణంలో గుమ్మం దాకా జనం. థాయ్ హోటల్లో మెట్ల మీద కూర్చుని తింటున్నారు. డోనర్ కబాబ్ కొట్టు దగ్గర లైను వీధి చివర మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఈలోగా భావన ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. "ఆర్డర్ ఇచ్చిన్రా?" అని శాంత. "మేమంతా రెడీ" అని వాసుదేవరావు, చేతులు జోడించిన బొమ్మతో సహా. కాసేపటికి ఆ టింగు కూడా ఆగిపోయింది. అంతమంది ఒకేసారి ఫోటోలు పంపుకుంటూ ఉంటే నెట్‌వర్క్ మాత్రం ఏం చేస్తుంది? చేతులెత్తేసింది.

రగ్బీ వల్ల కలిగిన మొదటి మేలు ఇదని భావనకి అప్పుడు తట్టలేదు. ఆకలి మీద ఉంది మరి.

చివరికి నది ఒడ్డున ఒక బీర్‌గార్టెన్ దొరికింది. చెట్ల కింద పొడుగాటి బల్లలు, వాటి పక్కన పొడుగాటి బెంచీలు, బెంచీల నిండా జెర్సీలు. దూరంగా ఒక బెంచీ చివర మాత్రం ఒకరూ ఒకరున్నర మనుషులు పట్టేంత ఖాళీ కనపడింది. మధ్యలో కదల్లేనంత జనం. అటునుంచి ఇంకో జంట కూడా ఆ ఖాళీనే చూస్తూ వస్తోంది.

అప్పుడు జితేంద్రలో కాకినాడ బస్టాండ్ మేల్కొంది.

జేబులోంచి కర్చీఫ్ తీశాడు. ముడి వేశాడు. గురి చూసి విసిరాడు. అది జనం తలల మీదుగా వెళ్లి సరిగ్గా ఆ ఖాళీలో పడింది!

తెలుగువాళ్లకి నేను చెప్పాలా? బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ పడిందంటే అది రిజిస్టర్ అయిన ఆస్తి. దాన్ని తీసి పక్కన పెట్టే మొనగాడు పుట్టలేదు. జితేంద్ర గర్వంగా భావన వైపు చూశాడు. "సీటు మనదేనండి" అన్నాడు.

ఆ బెంచీ మీద కూర్చున్న ఒక భారీ మనిషి ఆ కర్చీఫ్‌ని చూశాడు. అటూ ఇటూ చూశాడు. లేచాడు. దాన్ని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని, గుంపునంతా చీల్చుకుని వచ్చి, జితేంద్ర చేతిలో పెట్టాడు.

"ఇది మీది అనుకుంటాను. ఎగిరిపోయింది" అన్నాడు జర్మన్‌లో, ఎంతో సానుభూతితో.

జితేంద్ర థాంక్స్ చెప్పి, అతను వెనక్కి వెళ్లగానే మళ్లీ విసిరాడు. అతను మళ్లీ తెచ్చి ఇచ్చాడు. ఈసారి మొహంలో కొంచెం ఆందోళన. ఈ మనిషికి ఏదైనా జబ్బేమోనన్నట్టు భావన వైపు చూశాడు కూడా. జితేంద్ర మూడోసారి విసిరాడు. అప్పుడు ఆ భారీ మనిషికి విషయం బోధపడిపోయింది! అంటే, బోధపడిందని అనుకున్నాడు. "ఓహో!" అని ఒక్క కేక పెట్టి, కర్చీఫ్‌ని గాల్లోనే అందుకుని, వెనక బెంచీలో ఉన్న స్నేహితుడికి విసిరాడు. అతను తన వెనకవాడికి. వాడు వాడి వెనకవాడికి.

ఇంకేముంది! కాకినాడ కర్చీఫ్ బీర్‌గార్టెన్ అంతా తిరిగింది. ఒక ముసలావిడ అందుకుని ముద్దు పెట్టి మరీ విసిరింది. చేతిలో ట్రేతో వెళ్తున్న సర్వరు మోచేత్తో తోశాడు. జితేంద్ర "అండీ! అండీ!" అంటూ దాని వెనక పరుగెత్తుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

భావన ఒక్క క్షణం చూసింది. హన్మకొండలో స్కూల్ కబడ్డీ జట్టులో రెయిడర్‌గా ఆడిన పిల్ల ఆమె. ఆ సంగతి బయోడేటాలో రాయొద్దని శాంత గట్టిగా చెప్పింది. చెప్పులు విడిచింది. బల్లల మధ్య నుంచి దూసుకెళ్లింది. రెండు బీరువాల సందులోంచి ఎగిరి కర్చీఫ్ అందుకుని, ఆ ఖాళీ బెంచీ మీద బలంగా నొక్కిపెట్టింది.

"ట్రై!" అని గార్టెన్ అంతా అరిచింది. బంతిని అవతలి గీత దాటించి నేలకి నొక్కితే రగ్బీలో ట్రై అంటారట, వాళ్ల గోల్ అన్నమాట. అందరూ జరిగారు. ఒకరున్నర మనుషుల ఖాళీలో ఇద్దరు సుఖంగా కూర్చున్నారు. భావనకి ఆపిల్ రసం సోడా వచ్చింది, పొట్టేలు తలంత గ్లాసులో. జితేంద్రకి పొమ్మెస్ వచ్చాయి. కెచప్ అయిపోయిందట.

ఆ భారీ మనిషి పేరు ఉవే. కర్చీఫ్‌ని విజయచిహ్నంగా తలకి చుట్టుకున్నాడు. ఆట ఎలా ఆడతారని భావన అడిగితే ఉప్పు సీసాలన్నీ ఒక వైపు, ఆవాల ముద్ద సీసాలన్నీ ఒక వైపు పెట్టి, మధ్యలో ఒక బ్రెడ్డు ముక్క పెట్టాడు.

"వీళ్లంతా, వాళ్లంతా ఒకరి మీద ఒకరు పడతారు. అందరికీ బంతే కావాలి. తోస్తారు, లాగుతారు, తొక్కుతారు" అన్నాడు.

"మరి బంతికి ఎటు పోవాలని ఉందో ఎవరైనా అడుగుతారా?" అంది భావన.

ఉవే పగలబడి నవ్వాడు. జితేంద్ర నవ్వలేదు. ఆమె మొహం వైపు చూశాడు.

"కానీ మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. అది మా ఆచారం. అదే అసలు మ్యాచ్" అని ఉవే ముగించి, పాటలో కలిసిపోయాడు.

ఆ పాటల హోరులో మామూలుగా మాట్లాడుకోవడం కుదరదు. ఒకరి చెవిలో ఒకరు అరవాలి. అరవాల్సి వచ్చినప్పుడు మనిషి ప్యాకేజీ ఎంత, పీఆర్ వీసా ఎప్పుడు లాంటివి అరవడు. అవసరమైనవే అరుస్తాడు. ఇదీ రగ్బీ మహిమ!

"నాకు వంట రాదండీ!" అని జితేంద్ర అరిచాడు. "నేర్చుకుంటున్నానండీ! పప్పు దాకా వచ్చానండీ!"

"నాకు రెండేండ్ల పని ఉంది ఇక్కడ! కార్ల్స్‌రూహెకి రాను!" అని భావన అరిచింది.

"ట్రైన్ ఉంది కదండీ!" అన్నాడు. గ్లాసు అటు జరిపి, ఇటు జరిపి, మళ్లీ చెవి దగ్గరికి వంగాడు. "మిమ్మల్ని ఒకటి అడగాలండీ! నేను నచ్చానా అని కాదండీ! అసలు పెళ్లి చేసుకోవడం మీకు ఇష్టమేనా అండీ?"

భావన చేతిలో పొమ్మెస్ ముక్క అలాగే ఉండిపోయింది. చదువు గురించి అడిగారు, ఎత్తు గురించి అడిగారు, నక్షత్రం గురించి అడిగారు. ఈ మాట మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆమెకి ఎంత సంతోషం వేసిందంటే, జవాబు తెలియకపోవడం కూడా హాయిగానే అనిపించింది.

"తెల్వది!" అని అరిచింది. "ఇంకోసారి కలుద్దాం! అప్పటిదాంక అవును అనను, కాదు అనను!"

"హమ్మయ్య! నాదీ అదేనండీ!" అన్నాడు జితేంద్ర. అతని మొహంలో అంత తేలిక ఆమె ఊహించలేదు.

సరిగ్గా ఆ క్షణంలో నెట్‌వర్క్ కళ్లు తెరిచింది. గ్రూప్ నుంచి వీడియో కాల్, భావన ఫోన్ మోగింది. తడి చేతుల్తో ఆపబోయి ఆన్ చేసింది. ఒక్క బొమ్మ గ్రూప్‌కి చేరింది. అంతే, మళ్లీ కదలిక లేదు.

ఆ బొమ్మ హన్మకొండలోనూ కాకినాడలోనూ తెర మీద బిగుసుకుపోయింది. మధ్యలో చెప్పుల్లేని కాళ్లు బెంచీ మీద పెట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ భావన. చేతిలో పసుపురంగు ద్రవంతో పెద్ద గ్లాసు. ఆమె భుజం మీద వాలిపోయి పాడుతున్న ఒక బీరువా. పక్కన నెత్తికి గుడ్డ చుట్టుకున్న ఉవే. ఆ చివర జితేంద్ర, బుగ్గంతా నీలంగా.

గ్రూప్ దర్యాప్తు మొదలుపెట్టింది. బొమ్మని పెద్దది చేసి చూశారు, పక్కకి తిప్పి చూశారు.

"ఆయ్, మావాడి దవడ కమిలిపోయిందండి! మీ అమ్మాయి తరఫు వాళ్లు కొట్టారా ఏంటి?" అని వాసుదేవరావు వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"మా పిల్ల చేతుల బీరు పెట్టింది మీ పోరడు కాదా? ముందు గది చెప్పుండ్రి!" అని శాంత జవాబు.

"ఆ తలపాగా ఆయన ఎవరండి? మీ పెద్దమనిషా?"

"మా పెద్దమనిషి ఎందుకైతడు? మీ దోస్తుల తీరుగనే ఉన్నడు!"

పాపం ఉవే! అతను బ్రెడ్డు ముక్క బంతిని తినేసి, హాయిగా స్టేడియానికి బయల్దేరాడు.

సాయంత్రం భావన ఇంటికొచ్చి ఫోన్ చూసేసరికి అంతా అయిపోయింది. అమ్మాయి వైపు వాళ్లు సంబంధం వద్దన్నారు. అబ్బాయి వైపు వాళ్లు అంతకన్నా ముందే వద్దన్నామన్నారు. ఎవరు ముందన్నారన్న దాని మీద ఇంకా యుద్ధం నడుస్తోంది.

భావన శాంతకి ఫోన్ చేసింది. "అత్తమ్మా, సాయంత్రానికి చెప్పుమన్నరు. నేనింకా అవును అనలే, కాదు అనలే. మీరెట్ల కేన్సిల్ చేసిన్రు?"

శాంత ప్రేమగానే, నిజంగానే అర్థంకాక అడిగింది. "నిన్ను అడుగుడేంది బిడ్డా? మేమందరం చూసినం గద?"

భావన మెల్లగా ఫోన్ పెట్టేసింది. అత్తమ్మ మీద కోపం కూడా రాలేదు. కిటికీలోంచి చూస్తే, మ్యాచ్ అయిపోయి రెండు రంగుల జెర్సీలూ భుజాల మీద చేతులేసుకుని ఒకే హోటల్లోకి వెళ్తున్నాయి. ఎవరు గెలిచారో వాళ్లని చూస్తే తెలియడం లేదు. ఆమె గ్రూప్ తెరిచి, కిందా మీదా చూడకుండా, అందులోంచి బయటికి వచ్చేసింది. తర్వాత జితేంద్రకి "మళ్లీ కలుద్దామా?" అని పంపింది. "తప్పకుండానండి. కర్చీఫ్ కొత్తది కొంటానండి" అని వెంటనే వచ్చింది.

సోమవారం పొద్దున్నే భావన ఆ నది పక్కన రెస్టారెంట్‌కి ఫోన్ చేసింది. ఆ వెయిట్రెస్సే ఎత్తింది. గొంతు గుర్తుపట్టి ఎంతో నొచ్చుకుంది. మొన్న జరిగినదానికి క్షమించమంది. "ఈ శనివారం రండి. మ్యాచ్ లేదు. ఒక్క జెర్సీ కూడా కనపడదు. టేబుల్ మీ ఇష్టమొచ్చినంతసేపు ఉంటుంది. చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. ఫోన్ సిగ్నల్ కూడా బ్రహ్మాండంగా ఉంటుంది!"

భావన గోడ మీది క్యాలెండర్ చేతిలోకి తీసుకుంది.

"మళ్లీ మ్యాచ్ ఎప్పుడు ఉంది?" అని అడిగింది. "ఆ రోజుకి రాసుకోండి. ఇద్దరికి."